ముప్పై రోజుల గడువు తనకు తానే పెట్టుకున్న ప్రధాని: పియెర్ మెండెస్ ఫ్రాన్స్

నమస్కారమండీ. 1954 జూన్ 17న పారిస్‌లోని జాతీయ అసెంబ్లీలో ఒక లాయరు ప్రధాని పదవి కోసం సభ మద్దతు అడుగుతున్నారు. వయసు నలభై ఏడు. నెల కిందటే, మే 7న, వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూ కోట ఫ్రెంచ్ సైన్యం చేజారిపోయింది. ఎనిమిదేళ్లుగా సాగుతున్న యుద్ధం అది. ఈయన లేచి ఒకటే చెప్పారు: జూలై 20 లోపల శాంతి ఒప్పందం తెస్తాను, తేలేకపోతే రాజీనామా ఇచ్చి వెళ్లిపోతాను.

గడువు పెట్టమని ఆయన్ని ఎవరూ అడగలేదండీ. తన మెడకు తానే కట్టుకున్నారు. అంతటితో ఊరుకోలేదు. కమ్యూనిస్టులు నాకు ఓటేసినా ఆ ఓట్లు లెక్కలోకి తీసుకోను అన్నారు. ఎందుకంటే రేపు జెనీవా శాంతి చర్చల్లో బల్లకు అవతల కూర్చునేది కమ్యూనిస్టులే. వాళ్ల దయతో గద్దెనెక్కిన మనిషి వాళ్లతో గట్టిగా బేరమాడలేడు కదా. చివరికి 419 మంది అనుకూలం, 47 మంది వ్యతిరేకం. కమ్యూనిస్టుల ఓట్లు తీసేసినా మెజారిటీ నిలబడింది.

ఈ మనిషి ఎక్కడి నుంచి వచ్చారో చూద్దాం. 1907లో పారిస్‌లో, ఎప్పుడో పోర్చుగల్ నుంచి వచ్చి స్థిరపడిన యూదు వంశంలో పుట్టారు. 1932లో, పాతికేళ్లకే, నార్మండీలోని లూవియే నుంచి పార్లమెంటుకు గెలిచారు. సభలో అందరికన్నా చిన్నవాడు. 1936లో హిట్లర్ బెర్లిన్‌లో ఒలింపిక్స్ పెడుతుంటే, ఫ్రాన్స్ జట్టును పంపడానికి డబ్బు ఇవ్వాలా వద్దా అని ఓటింగ్ జరిగింది. వద్దని ఓటేసింది ఈయన ఒక్కరే. కొందరు తటస్థంగా కూర్చున్నారు, కానీ కాదని చెప్పింది ఈయనే.

1940లో ఫ్రాన్స్ ఓడిపోయింది. ఈయన వైమానిక దళంలో అధికారి. పోరాటం ఉత్తర ఆఫ్రికా నుంచి సాగిద్దామని మొరాకో వెళితే, జర్మనీకి లొంగిపోయిన విషీ ప్రభుత్వం సైన్యం నుంచి పారిపోయాడని కేసు పెట్టి ఆరేళ్ల శిక్ష వేసింది. క్లెర్మోఁ-ఫెరాఁలో నిర్బంధం. 1941 జూన్‌లో ఒక రాత్రి కిటికీ ఊచలు కోసి గోడ ఎక్కారు. దూకుదామని చూస్తే కింద చెట్టు దగ్గర ఒక ప్రేమజంట! అబ్బాయి బతిమాలుతున్నాడు, అమ్మాయి ఎటూ తేల్చడం లేదు. గోడ మీద ఈయన ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎప్పటికో ఆ అమ్మాయి సరేనంది, ఇద్దరూ వెళ్లిపోయారు, ఈయన దూకారు. ఆ పిల్ల ఒప్పుకున్నందుకు ఆ అబ్బాయి కన్నా తానే ఎక్కువ సంతోషించానని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. అక్కడి నుంచి లండన్ చేరి, లొంగిపోవడానికి ఒప్పుకోని ఫ్రెంచ్ వాళ్లను కూడగట్టిన జనరల్ డి గాల్ సేనలో బాంబర్ విమానాల్లో ఎగిరారు.

యుద్ధం ముగిసే వేళకు డి గాల్ ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాల మంత్రి. ధరలు అదుపులో ఉండాలంటే నోట్ల చలామణీ తగ్గించాలి, జనానికి కష్టమైనా ఇప్పుడే చేయాలి అన్నారు. డి గాల్ మెత్తని దారి ఎంచుకున్నారు. ఈయన 1945 ఏప్రిల్‌లో రాజీనామా చేసి బయటికొచ్చారు. తొమ్మిదేళ్ల పాటు ప్రతిపక్షంలా మాట్లాడుతూనే ఉన్నారు. 1950లోనే సభలో లెక్క తేల్చి చెప్పారు: ఇండోచైనాలో (అంటే ఫ్రాన్స్ ఏలుబడిలోని వియత్నాం, లావోస్, కంబోడియాల్లో) గెలవాలంటే ఇంకా ఎన్నో రెట్లు సైన్యం, డబ్బు కావాలి, అవి మన దగ్గర లేవు, అందుకని మాట్లాడుకోవడమే దారి. ఎవరూ వినలేదు. వినడానికి దియెన్ బియెన్ ఫూ కావలసి వచ్చింది.

ఇక ఆ ముప్పై రోజులు. జెనీవాలో అవతల చైనా నుంచి చౌ ఎన్ లై, సోవియట్ నుంచి మొలొటొవ్, ఫ్రాన్స్‌తో పోరాడుతున్న వియత్నాం కమ్యూనిస్టుల కూటమి వియత్‌మిన్ తరఫున ఫామ్ వాన్ డోంగ్. వియత్నాంను ఏ అక్షాంశం దగ్గర విడదీయాలన్నదే పెద్ద బేరం. ఫామ్ వాన్ డోంగ్ 13 దగ్గర మొదలుపెడితే ఈయన 18 అన్నారు. ఈలోగా పారిస్ సభలో ఇంకో మాట చెప్పారు: ఒప్పందం కుదరకపోతే, దిగిపోయే ముందు, నిర్బంధ సైనిక సేవలో ఉన్న కుర్రాళ్లను ఇండోచైనాకు పంపే బిల్లు పెట్టి మరీ వెళతానని. అంటే శాంతి అడుగుతూనే, కుదరకపోతే ఏమవుతుందో ఇంట్లోవాళ్లకీ బయటివాళ్లకీ ముందే తెలియజేశారు. జూలై 20 రాత్రికి 17వ అక్షాంశం దగ్గర తేలింది. అంతా అయిపోయిందనుకుంటే కంబోడియా ప్రతినిధి మెలిక పెట్టాడు. సంతకాలు అయ్యేసరికి 21వ తేదీ తెల్లవారుజాము. కాగితాల మీద తేదీ మాత్రం 20. గడియారాలు ఆపేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఒప్పందంలో చెప్పిన 1956 ఎన్నికలు జరగలేదు, వియత్నాం మళ్లీ రక్తంలో మునిగింది, అది వేరే కథ. కానీ ఫ్రెంచ్ సైనికుల యుద్ధం ఆ రాత్రితో ఆగింది.

పది రోజులకే ట్యునీషియా వెళ్లి స్వయంపాలన ప్రకటించారు. ఆ తర్వాత మన వంతు, అంటే భారత్‌లో ఫ్రెంచ్ పాలనలో ఉన్న పుదుచ్చేరి, కారైకాల్, యానాం లాంటి ఊళ్ల వంతు.

ఆ జూన్ నెలను ఒకసారి చూడండి. 12న పారిస్‌లో పాత ప్రభుత్వం పడిపోయింది. మర్నాడు, 13న, దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో యానాంలో ఫ్రెంచ్ పాలన అంతమైంది. వారం తిరగకముందే మెండెస్ ఫ్రాన్స్ ప్రధాని. అంతకు ముందున్న పారిస్ ప్రభుత్వాలు ఈ విషయాన్ని సాగదీస్తూ వచ్చాయి. ఈయన సాగదీయలేదు. అక్టోబరు 18న కీళూరులో పుదుచ్చేరి, కారైకాల్ ప్రజాప్రతినిధులు 178 మంది ఓటేస్తే, 170 మంది భారత్‌లో కలుస్తామన్నారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. చట్టపరంగా పూర్తయ్యేసరికి 1962 అయిందనుకోండి. కానీ ఫ్రాన్స్ వైపు నుంచి తుపాకీ పేలకుండా వదిలేయడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. గోవా విషయంలో పోర్చుగల్ ఏం చేసిందో మనకు తెలుసు.

సరిగ్గా అదే నవంబరు 1న అల్జీరియాలో తిరుగుబాటు మొదలైంది. ఇక్కడే నాకు ఈయన మీద బాధ. ఇండోచైనా, ట్యునీషియా, పుదుచ్చేరి విషయాల్లో అంత స్పష్టంగా చూసిన మనిషి, అల్జీరియా ఫ్రాన్స్‌లో భాగం, విడిపోవడమన్న మాటే లేదని సభలో ప్రకటించి సైన్యాన్ని పంపారు. అక్కడ పది లక్షల దాకా యూరోపియన్లు స్థిరపడ్డారు, రాజకీయంగా ఇంకోలా మాట్లాడటం కష్టం, అవన్నీ నిజమే. అయినా అది తప్పే. 1956లో మళ్లీ మంత్రిగా చేరి, అల్జీరియాలో అణచివేత తప్ప మరేమీ లేకపోవడం చూసి, నాలుగు నెలలు నిండకుండానే తప్పుకున్నారు.

ఇంట్లో ఆయన చేసిన సాహసం ఇంకోటుంది. ఫ్రాన్స్‌లో అప్పట్లో సారా వ్యాపారం, సొంతంగా సారా కాచుకునేవాళ్లు పెద్ద ఓటు బలం. ఆయన సొంత నియోజకవర్గం ఉన్న నార్మండీ ఆపిల్ సారాకు పెట్టింది పేరు. అయినా వాళ్ల రాయితీలకు కత్తెర వేశారు. బడి పిల్లలకు పాలు పోయించారు, విందుల్లో తాను కూడా పాలే తాగారు. జనం నవ్వారు. యూదు వ్యతిరేకులు దాన్ని కూడా తిట్టుగా మార్చారు. శనివారం సాయంత్రాలు రేడియోలో కూర్చుని, ఈ వారం ఇది చేశాను, దీనికి కారణం ఇది అని మామూలు భాషలో జనానికి చెప్పేవారు.

1955 ఫిబ్రవరి 5న అల్జీరియా మీద చర్చలో 319-273తో ప్రభుత్వం పడిపోయింది. దెబ్బ కొట్టినవాళ్లలో సొంత రాడికల్ పార్టీకి చెందిన రెనె మేయర్ ముందున్నారు. ఓడిన ప్రధాని మౌనంగా వెళ్లిపోవడం ఆచారం. ఈయన తిరిగి వేదిక ఎక్కారు. సభ కేకలతో హోరెత్తింది, బల్లలు చరిచారు, ఆయన మాట్లాడుతూనే ఉన్నారు.

తర్వాత ప్రధాని కాలేదు. 1958లో డి గాల్ రాజ్యాంగాన్ని వ్యతిరేకించి సీటు పోగొట్టుకున్నారు. ఆ రాజ్యాంగం కింద అధ్యక్ష పదవికి పోటీ చేయనని 1965లో పక్కకు తప్పుకున్నారు. 1981 మేలో సోషలిస్టు నేత మిత్తెరాఁ అధ్యక్షుడయ్యాక అధ్యక్ష భవనం ఎలీజేలో ఈయన్ని కౌగిలించుకుంటే కన్నీళ్లు పెట్టుకున్నారు. 1982 అక్టోబరు 18న పారిస్‌లో చనిపోయారు.

యానాం వాళ్లెవరైనా చూస్తుంటే, 1954 గురించి మీ తాతయ్యలు, అమ్మమ్మలు చెప్పినవి కింద రాయండి. రమణయ్య గారి మీద చేయబోయే వీడియోలో అవి చదువుతాను.