బైక్ ట్యాక్సీ కెప్టెన్ల నడుము నొప్పి: బండి మీద, బండి దిగాక చేయవలసిన పనులు

నమస్కారం. హైదరాబాదులో బైక్ ట్యాక్సీ నడుపుతూ కుటుంబాన్ని పోషించుకుంటున్న కెప్టెన్ సోదర సోదరీమణుల కోసం ఒక ఫిజియోథెరపిస్టుగా ఈ వీడియో చేస్తున్నాను. నడుము నొప్పితో వచ్చే కెప్టెన్లు సాధారణంగా గతుకుల రోడ్లనే తప్పుపడతారు. ఆ మాట నిజమే, కానీ రోడ్డుతో పాటు ఇన్ని రైడ్లు పూర్తిచేస్తే అదనపు డబ్బు అంటూ ఫోన్ తెర మీద కనిపించే ఇన్సెంటివ్ లెక్కకు కూడా ఈ నొప్పిలో వాటా ఉంది. అందుకే రెండింటి గురించీ కలిపి మాట్లాడుకుందాం.

ఈ ఎముకల నమూనాను చూడండి. నడుము భాగంలో ఐదు వెన్నుపూసలు, వాటి మధ్య మెత్తని డిస్కులు ఉన్నాయి. పెద్దవారి డిస్కుల లోపలికి రక్తనాళాలు వెళ్లవు కాబట్టి చుట్టుపక్కల నుంచి ఇంకే పోషకాలే వాటికి ఆధారం, ఆ ఇంకడానికి శరీర కదలిక తోడ్పడుతుంది. నడుము వంచి కూర్చున్నప్పుడు, నిలబడినప్పటికంటే డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది. దానికి బండి అదురు తోడైతే, ఆ అదురును కాచుకోవడానికి నడుము కండరాలు గంటల తరబడి బిగుసుకుని అలసిపోతాయి. రైడ్ క్యాన్సిల్ అవుతుందేమో, రేటింగ్ పడిపోతుందేమో, ఈ నెల బండి కిస్తీ కట్టగలనో లేదో అన్న ఆందోళన కూడా అవే కండరాలను బిగిస్తుంది, రాత్రి నిద్రను చెడగొడుతుంది. నిద్ర తక్కువైన శరీరానికి అదే నొప్పి మరింత ఎక్కువగా తెలుస్తుంది. కాబట్టి టెన్షన్ వల్ల నొప్పి పెరిగిందని ఎవరైనా అంటే, మీది ఉత్త భ్రమ అని అన్నట్టు కాదు.

ఇప్పుడు బండి దగ్గరికి వద్దాం. వెనుక చక్రం పక్కన ఉన్న ఈ షాక్ అబ్జార్బర్ స్ప్రింగు కింది భాగంలో మెట్లు మెట్లుగా ఉన్న రింగు కనిపిస్తోందా? చాలా బండ్లలో దీన్ని తిప్పి స్ప్రింగు బిగువును మార్చుకోవచ్చు. రోజంతా వెనుక మనిషిని ఎక్కించుకునే బండికి, ఒక్కరే నడిపే బండికి ఒకే అమరిక సరిపోదు, మీ మెకానిక్కుతో సరిచేయించుకోండి. టైర్లలో గాలి కూడా ఇద్దరి బరువుకు కంపెనీ సూచించిన మేరకే ఉండాలి. ఫోన్ హోల్డరును మెడ వంచకుండా కనిపించేంత ఎత్తులో బిగించండి. సీటు మీద వెనక్కి జారి, చేతులు చాచి హ్యాండిల్ అందుకుంటే నడుము గూనిలా వంగుతుంది. కాస్త ముందుకు జరిగి, మోచేతులు కొద్దిగా వంగేలా కూర్చోండి.

మెట్రో స్టేషన్ దగ్గర రైడ్ కోసం ఎదురుచూసే సమయమే మీకు దొరికే అసలైన విరామం. ఆ కాసేపు కూడా బండి మీదే కూర్చుని ఫోన్ చూడకండి. బండికి స్టాండు వేసి, కిందికి దిగి, పాదాలను భుజాలంత ఎడంగా పెట్టండి. నేను చేస్తున్నట్టుగా రెండు అరచేతులను నడుము వెనుక ఆనించి, మోకాళ్లు వంచకుండా, నొప్పి లేనంత వరకే మెల్లగా వెనక్కి వంగి తిరిగి నిటారుగా రండి. ఇలా ఐదారు సార్లు చేయండి. వంగినప్పుడు నొప్పి కాలిలోకి దిగుతుంటే అక్కడితో ఆపేయండి. తరువాత నాలుగు అడుగులు వేస్తూ, పీల్చిన దానికంటే ఎక్కువ సేపు ఊపిరి వదలండి. భుజాలు కిందికి దిగడం మీకే తెలుస్తుంది.

నడుము బెల్టు గురించి చాలామంది అడుగుతారు. దీర్ఘకాలిక నడుము నొప్పికి బెల్టులను మామూలు చికిత్సగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో సూచించింది. వ్యాయామం, నొప్పి గురించిన అవగాహన, అవసరమైతే మానసిక చికిత్స వంటివాటికి ఆ మార్గదర్శకాలు చోటిచ్చాయి. బెల్టుకు పెట్టే డబ్బు మంచి సీటు ఫోముకు పెట్టడం మేలని నా అభిప్రాయం. ఖాళీ కడుపున టీ తాగి నొప్పి మాత్ర వేసుకుని మళ్లీ బండెక్కడం మాత్రం నన్ను నిజంగా కలవరపెడుతోంది, ఎందుకంటే ఆ అలవాటు కడుపులో పుండ్లకు, మూత్రపిండాల దెబ్బకు దారితీయగలదు. బాత్రూము దొరకదని నీళ్లు మానేసేవారికి మూత్రపిండాల ముప్పు ఇంకా ఎక్కువ.

ఇన్సెంటివ్ గీత దాటడానికి చివరి రెండు రైడ్లు మిగిలి, నడుము పట్టేసినప్పుడు మానేయమని చెప్పడం నాకు తేలిక, మీకు కష్టం. అందుకే లక్ష్యాన్ని రోజు చివరికి నెట్టకుండా, ఉదయం రద్దీలోనే వీలైనన్ని రైడ్లు చేసి మధ్యాహ్నం ఎండలో లాగౌట్ అయ్యేలా ప్రణాళిక వేసుకోండి. నిద్ర పట్టకపోయినా, మనసు కుంగిపోయినా 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ సలహాదారులు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

నొప్పితో పాటు మూత్రం, మలం మీద అదుపు తప్పినా, సీటుకు ఆనే భాగంలో తిమ్మిరి ఎక్కినా, కాలు బలం కోల్పోయినా వ్యాయామాలతో కాలయాపన చేయకండి. ఎవరినైనా తోడు తీసుకుని, సొంతంగా బండి నడపకుండా, ఉస్మానియా, గాంధీ వంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి ఆ రోజే వెళ్లండి.