చెట్టు వయసు అడిగి కొనండి

అందరికీ నమస్కారం అండి. విజయవాడ ఎండలో ఇంతమంది వడ్రంగి మేస్త్రీలు, కలప డిపో వాళ్లు, కోత మిల్లు వాళ్లు, పేపర్ మిల్లులకి సుబాబుల్ చెట్లు పెంచే రైతులు పనులు మానుకుని వచ్చారు, చాలా సంతోషం. అడవి మీద మీటింగ్ అంటే కలప వాడేవాళ్లని ఎవరూ పిలవరు, పిలిచినా చెట్లు కొట్టకండి అని చెప్పి పంపించేస్తారు. నేను ఆ మాట చెప్పడానికి రాలేదు. కొట్టాలండి. ఏ వయసులో కొట్టాలి, ఏడాదికి ఎంత కొట్టాలి, కొట్టిన చోట మళ్లీ ఏం లేవాలి, ఇదే నా గొడవంతా.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మాది గుంటూరు పక్కన పల్లెటూరు. 1986లో నాన్నగారు పొలం గట్టు మీద టేకు మొక్కలు పెట్టారు, మొక్కలు అమ్మినాయన పదిహేనేళ్లకి లక్షలొస్తాయని చెప్పాడు. 2000లో అక్క పెళ్లి కుదిరింది, డబ్బు కావాలి, కొట్టించేశారు. దుంగలతో పాటు మిల్లుకి నేనే వెళ్లాను. మొదటి దుంగ రంపం కింద రెండుగా విడిపోయింది, చూస్తే మధ్యలో చేవ నా అరచెయ్యంత కూడా లేదు, చుట్టూ అంతా తెల్లచెక్కే. మిల్లాయన గోటితో గీసి చూపించి, బాబూ ఇది గుమ్మానికి పెడితే చెదలు తినేస్తాయి అన్నాడు. ఆ రాత్రి నాన్నగారు అన్నం ముట్టలేదు.

మేస్త్రీలకి నేను చెప్పక్కర్లేదు, టేకు గట్టిదనం అంతా చేవలోనే, ఆ చేవ ఊరడానికి ఏళ్లు పడతాయి. ప్రభుత్వ టేకు తోటల్లో 50, 60 ఏళ్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే ఆగుతారు. కేరళలో నిలంబూరు వెళ్తే 1840ల్లో మలబారు కలెక్టర్ కానలీ నాటించిన టేకు చెట్లు కొన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, వాటి కింద నిలబడి పైకి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. మనకి దుంగలు పంపే బర్మా వాళ్లు 2014లో పచ్చి దుంగల ఎగుమతి ఆపేశారు, ఇప్పుడు ఘనా నుంచీ ఈక్వడార్ నుంచీ వస్తోంది, అందులో చాలా మటుకు లేత తోటల సరుకే.

మరి రైతు 60 ఏళ్లు ఆగగలడా? ఆగలేడు, ఆగమనడం అన్యాయం కూడా. ఆ ఓపిక ప్రభుత్వ అడవిదే అవ్వాలి. దానికే వర్కింగ్ ప్లాన్ అని ఉంటుంది, అంటే ఏ అడవిలో ఏ ఏడు ఎంత కొట్టాలి, ఎంత నాటాలి అని అటవీ శాఖ ముందే రాసిపెట్టుకునే లెక్క. నేను వయసులో ఉన్నప్పుడు ఆ లెక్కలకి కూలీగా తిరిగాను, పని చాలా మామూలుగా ఉంటుంది, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున టేపు చుట్టడం, చుట్టుకొలత అరవడం, ఒకాయన రాసుకోవడం, పక్క చెట్టుకి పోవడం. 600 హెక్టార్ల తోట ఉంది, 60 ఏళ్లకి కోత అనుకోండి, ఏటా 10 హెక్టార్లే కొట్టాలి, కొట్టిన ఏడాదే నాటాలి. 11 కొడితే ఆ ఒక్కటీ ఎవరి దగ్గరో లాక్కున్నట్టే, వాళ్లింకా పుట్టలేదు కాబట్టి అడగరు. జర్మనీలో వెండి గనులకి కట్టెలు చాలక అవస్థ పడుతుంటే కార్లోవిట్జ్ అనే గనుల అధికారి, కొట్టినదానికి సరిపడా మళ్లీ పెంచాలని 1713లోనే పుస్తకం రాశాడు. మన సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 12న అడవుల నరికివేత మీద వేసిన గోదావర్మన్ కేసులో చెప్పిందీ ఇదే, వర్కింగ్ ప్లాన్ ప్రకారం తప్ప అడవిలో చెట్టు కొట్టొద్దు అని.

రైతు దగ్గర తొందరగా వచ్చే కలప తీసుకోవాలి. నందిగామ, చందర్లపాడు వైపు సుబాబుల్ చూశారుగా, మూడు నాలుగేళ్లకి కోత, మళ్లీ మోడు నుంచే పిలకలు. మోడు నున్నగా, కొంచెం ఏటవాలుగా కొయ్యాలి, నీళ్లు నిలవకూడదు, తొందరలో చీల్చేస్తే కుళ్లిపోతుంది. పిలకల్లో రెండో మూడో గట్టివి ఉంచి మిగతావి తీసెయ్యాలి. పేపర్ మిల్లులకి కావాల్సిన కలప రైతుల దగ్గరే పెరగాలని 1988 అటవీ విధానంలోనే రాసుకున్నాం. కానీ కోతకొచ్చిన ఏడాది రేటు పడిపోతే రైతు మోళ్లతో సహా పెకలించేస్తాడు, తప్పు రైతుది కాదు. రేటు నాటే రోజునే ఒప్పందంగా రాసివ్వాలి, ఈ ఒక్కటి జరిగితే అడవి మీద సగం బరువు దిగుతుంది, నేను నమ్మేది ఇదే.

ఇక మన కొండపల్లి. బొమ్మ చేసే తెల్లపొణికి చెట్టు ఆ కొండల మీద రాళ్లలో పెరిగేది. చేత్తో పట్టుకుంటే చెక్కలాగే ఉండదు, అంత తేలిక, ఉలి పెడితే వెన్నలా దిగుతుంది. తడి ఆరేదాకా సెగ చూపించి, చెక్కి, చేతులూ కాళ్లూ చింతగింజల జిగురూ రంపంపొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. తరాల తరబడి కొండ నుంచి తెచ్చుకున్నాం, నాటాలని ఎవరికీ తట్టలేదు, కొండ ఇస్తూనే ఉంటుందనుకున్నాం. ఇప్పుడు చెక్క దొరకడమే కష్టమైపోయింది. గింజ పెంకు గట్టిది, వేసిన గింజలన్నీ మొలవవు, అయినా నాటాలి, ఇప్పుడు నాటినా చిన్న మేస్త్రీ కొడుకు ఉలి పట్టే నాటికే చేతికొస్తుంది.

అక్క పెళ్లికని టేకు కొట్టించిన రోజు మా గట్టు మీద మూలనున్న చెట్టు ఒక్కటి కొట్టలేదు, కరెంటు తీగలు అడ్డమొచ్చి వదిలేశారు. మొన్న ఉగాదికి ఊరెళ్లి టేపు చుట్టాను, నాలుగడుగుల మీద రెండంగుళాలు. అన్నయ్య పక్కనే నిలబడి, ఇల్లు మరమ్మతు చేయిస్తున్నాను కదరా, దీన్ని కొట్టేద్దామా అన్నాడు. ఇంకో ఇరవయ్యేళ్లు ఉంచన్నయ్యా అన్నాను. కాసేపు చెట్టు వంకే చూసి, సరే గానీ ఆ పక్క ఖాళీలో రెండు మొక్కలు తెచ్చి పెట్టు అన్నాడు.