గాలికి రాలిన కాయ ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

మా విజయనగరం చుట్టుపక్కల మామిడి తోటలు ఇప్పుడు పూత మీద ఉన్నాయి. తోటను గుత్తకు తీసుకునే వ్యాపారి ఈ రోజుల్లోనే వస్తాడు. చెట్ల మధ్య నింపాదిగా ఒక చుట్టు తిరుగుతాడు. ఒక కొమ్మ వంచి పూత చూస్తాడు. మంచు ఎలా పడుతోందని అడుగుతాడు. ఆ తర్వాత ఒక అంకె చెబుతాడు. ఇంకా పిందె కూడా పడని పండుకు అతడు కట్టిన ధర అది. సాయంత్రానికి ఇంకొకరు వచ్చి ఇంకో అంకె చెబుతారు. ముగ్గురు నలుగురి బేరం తర్వాత ధర ఒకచోట నిలుస్తుంది. రాని కాపు గురించి ఆ ఊళ్లో ఉన్న తెలివి అంతా ఆ ఒక్క అంకెలో కూడి ఉంటుంది.

ఈ రోజు నేను చెప్పబోయేది అలాంటి ధర గురించే. కాకపోతే ఇక్కడ తోట లేదు, వీడియో గేమ్ ఉంది. బజారుకు రాని ఆట ఎన్ని కాపీలు అమ్ముడవుతుందో ముందే అంచనా కట్టే ఉత్తుత్తి షేర్ మార్కెట్ ఒకటి మా ఇంటి అరుగు మీద నడిపాను. అందులో నిజమైన డబ్బు లేదు, ఉండకూడదు కూడా. మన రాష్ట్రం 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది, అది మంచి పనే అని నా అభిప్రాయం. మేము వాడినవి బొమ్మ రూపాయలు.

ఆటల అమ్మకాలను ఇంత కష్టపడి ఊహించడం ఎందుకు అని మీరు అడగవచ్చు. 1982లో అమెరికాలో అటారీ అనే కంపెనీ ‘ఈ.టీ.’ సినిమా పేరు మీద ఒక ఆట చేసింది. సినిమా ఆడింది కాబట్టి ఆటా ఆడుతుందనుకుని లక్షల సంఖ్యలో క్యాసెట్లు తయారు చేసింది. వాటిలో చాలా భాగం అమ్ముడుపోలేదు. మరుసటి ఏడాది, మిగిలిపోయిన సరుకును న్యూ మెక్సికో రాష్ట్రంలో ఒక చెత్త దిబ్బలో పాతిపెట్టారు. 2014లో అక్కడ తవ్వితే ఆ క్యాసెట్లు నిజంగానే బయటపడ్డాయి. అంచనా తప్పితే సరుకు మట్టిలో కలుస్తుంది. టమాటా రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

పదిమంది అంచనాలను కలిపితే ఒక్కరి అంచనా కంటే మేలన్న సంగతి పాతదే. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ పశువుల సంతలో ఒక ఎద్దు మాంసం తూకం ఎంత ఉంటుందో చెప్పమని పోటీ పెట్టారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే పండితుడు ఆ 787 చీటీలు తెప్పించుకుని వరసగా పేర్చి చూశాడు. సరిగ్గా నడిమి చీటీలో ఉన్న అంకె 1207 పౌన్లు. అసలు తూకం 1198. తర్వాతి కాలంలో దీన్నే షేర్ల రూపంలోకి మార్చారు. అయోవా విశ్వవిద్యాలయం 1988లో ఎన్నికల మీద, హాలీవుడ్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1996లో సినిమా వసూళ్ల మీద ఇలాంటి బజార్లు తెరిచాయి. ఆ తర్వాత సిమ్‌ఎక్స్ఛేంజ్ అనే అమెరికన్ బజారు వీడియో గేముల అమ్మకాల మీద నడిచింది. నేను పాఠం నేర్చుకున్నది అక్కడి నుంచే.

ఇక మా అరుగు దగ్గరికి వస్తాను.

2023 వేసవి సెలవులు. మా వీధి పిల్లలు, హాస్టళ్ల నుంచి ఇళ్లకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు, అమ్మమ్మల ఇళ్లకు వచ్చిన పిల్లలు, అందరూ కలిసి ఇరవై రెండు మంది. ఉద్యోగ విరమణ చేసిన లెక్కల మాస్టారిని, నాకూ తీరిక ఉంది. మే 12న నింటెండో కంపెనీ వారి ‘జెల్డా’ ఆట కొత్త భాగం, ‘టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’, ప్రపంచమంతా ఒకేసారి విడుదల కాబోతోంది. నేను ఒక నల్లబల్ల తెచ్చి అరుగు గోడకు ఆనించి ఇలా రాశాను: జూన్ 30 నాటికి ఈ ఆట ఎన్ని లక్షల కాపీలు అమ్ముడవుతుందో, ఒక్కో షేరుకు చివర్లో అన్ని రూపాయలు ఇస్తాను. అంటే షేరు ధర నూట యాభై అయితే, మా అరుగు అంచనా నూట యాభై లక్షల కాపీలని అర్థం. ధర చూస్తే చాలు, అంచనా తెలిసిపోతుంది.

ఒక్కొక్కరికి ఐదువేల బొమ్మ రూపాయలు ఇచ్చాను. ఇరవై రెండు మందిలో కొనేవారికి ప్రతిసారీ అమ్మేవారు దొరకరు. అందుకే ఎవరు కొన్నా అమ్మినా ఎదుటి బేరం నాదే. రెండు షేర్లు కొంటే ధర ఒక రూపాయి పెంచుతాను. రెండు అమ్మితే ఒక రూపాయి తగ్గిస్తాను. ఇంతే సూత్రం. నోటు పుస్తకంలో రాసుకుంటూ పోయాను, తర్వాత మా మేనల్లుడు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు.

ధర వందతో తెరిచాం. విడుదల నాటికి 118కి చేరింది. మే 17న కంపెనీ ఒక ప్రకటన చేసింది. మూడు రోజుల్లో కోటి కాపీలు! ఆ సాయంత్రం మా అరుగు మీద నిలబడడానికి చోటు లేదు. మూడు రోజులకే వంద లక్షలైతే యాభై రోజులకు ఎంత? అందరూ కొనడమే. 150, 180, 200 దాటి ధర 231కి పోయింది. ఆ ఆట సంగతులన్నీ కంఠతా వచ్చిన ఒక ఇంజనీరింగ్ కుర్రాడు మిగిలిన సొమ్మంతా ఆ ధర దగ్గరే పెట్టాడు.

ఆ గుంపులో పలాస నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. ఇంటర్ చదువుతోంది. వాళ్లది జీడిపిక్కల వ్యాపారం. ఆ అమ్మాయి వీడియో గేమ్ ఆడి ఎరగదు. అందరూ కొంటుంటే తను మాత్రం తన షేర్లన్నీ నాకు అమ్మేసింది. అమ్మేసి, “మాస్టారూ, నా దగ్గర లేని షేర్లు కూడా అమ్మవచ్చా?” అని అడిగింది. అంటే ఇప్పటి ధర ఇప్పుడు తీసుకుని, చివర్లో తేలిన అంకె ప్రకారం నాకు తిరిగి చెల్లించడం. అంత సొమ్ము నా దగ్గర పూచీగా ఉంచితే అమ్మవచ్చు అన్నాను. ఎందుకు అమ్ముతున్నావమ్మా అని అడిగితే ఇలా చెప్పింది: “ఎదురుచూసినవాళ్లందరూ మొదటి రోజే కొనేస్తారు కదండీ. పండగ ముందు మా కొట్టులో జీడిపప్పు అలాగే వెళ్లిపోతుంది. అది చూసి నెలంతా అలాగే ఉంటుందనుకుంటే సరుకు మిగిలిపోతుంది.”

నాకు ఒళ్లు పులకరించింది. ఈ బజారు ఎందుకు పనిచేస్తుందని ఎవరైనా అడిగితే ఆ అమ్మాయి మాటే నా జవాబు. ఆట తెలిసినవాడి దగ్గర ఆట గురించిన తెలివి ఉంది. కొట్టు తెలిసిన పిల్ల దగ్గర కొనేవారి గురించిన తెలివి ఉంది. ఆ కుర్రాడు, ఆ అమ్మాయి ఒకరితో ఒకరు వాదించుకోలేదు, అసలు మాట్లాడుకోనే లేదు. ధర దగ్గర ఇద్దరి తెలివీ కలిసింది.

ఆ తర్వాత మూడో రోజున గొడవ వచ్చింది. ఎవరో ఒక చిన్న ప్రశ్న వేశారు. కంపెనీ దుకాణానికి పంపిన పెట్టె ఇంకా అల్మారాలోనే ఉందనుకోండి, అది అమ్ముడైనట్టా, కానట్టా?

నేను నల్లబల్ల వైపు చూశాను. ‘అమ్ముడైన కాపీలు’ అని మాత్రమే రాశాను. కంపెనీ లెక్కల్లో దుకాణాలకు పంపిన పెట్టెలు, ఇంటర్నెట్ నుంచి దింపుకున్న కాపీలు కలిసి ఉంటాయి. కొనేవారి చేతికి చేరినవి వేరే లెక్క. ఆ లెక్క కొన్ని దేశాలకు దొరుకుతుంది, కొన్నింటికి దొరకదు. రెండింటి మధ్య లక్షల తేడా రావచ్చు. 231 దగ్గర కొన్న కుర్రాడు పంపిన పెట్టెలన్నీ లెక్కే అన్నాడు. అమ్ముకున్న అమ్మాయి చేతికి చేరినవే లెక్క అంది. ఇద్దరూ మంచి పిల్లలే, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కానీ అప్పటికే ఇద్దరి సొమ్మూ బేరంలో ఉంది. తటస్థంగా మాట్లాడగల మనిషి ఆ అరుగు మీద ఒక్కరూ లేరు. తీర్పు ఎటు చెప్పినా ఒకరి సొమ్ము ఇంకొకరికి ఇచ్చినట్టే. రెండు రోజులు బజారు మూసేశాను.

ఆ రోజుల్లోనే మా అన్నయ్య కొత్తవలస వైపు నుంచి మామిడిపళ్ల గంపతో వచ్చాడు. అక్కడ ఆయనకు చిన్న సువర్ణరేఖ తోట ఉంది. జరిగిందంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు.

“గాలికి రాలిన కాయ ఎవరిదో ముందు రాసుకున్నావా తమ్ముడూ?”

ఆయన కథ ఇది. చాలా ఏళ్ల కిందట తోట గుత్తకు ఇచ్చాడు. కాగితం మీద ‘ఈ ఏటి ఫలసాయం’ అని రాసుకున్నారు. ఏప్రిల్లో ఒక రాత్రి పెద్ద గాలి వేసింది. తెల్లారేసరికి చెట్ల కింద నేల కనిపించలేదు, అంతా పచ్చి కాయలే. పచ్చడి కాయగా అమ్మితే వాటికీ ధర ఉంది. చెట్టున పండితేనే ఫలసాయం, రాలింది నాది అన్నాడు అన్నయ్య. తోటలో కాసిందంతా నాదే అన్నాడు గుత్తదారు. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడేసరికి రెండు రోజులు పట్టింది. ఈలోగా ఆ కాయ ఎండకు పాడైపోయి ఎవరికీ దక్కలేదు. అప్పటి నుంచి ఆయన గుత్త కాగితంలో మొదటి వాక్యం డబ్బు గురించి ఉండదు. గాలికి రాలిన కాయ ఎవరిది అన్నదే మొదటి వాక్యం. పూత మీద ఉన్నప్పుడు ఆ మాట అడిగితే ఇద్దరూ నవ్వుతూ ఒప్పుకుంటారట. గాలి వేశాక అడిగితే ఎవరూ ఒప్పుకోరట.

మరునాడు పిల్లలందరినీ పిలిచాను. తప్పు నాది అని చెప్పాను. బల్ల మీద కొత్త వాక్యం రాశాను: ఆగస్టులో నింటెండో ప్రకటించే మూడు నెలల ఫలితాల్లో, జూన్ 30 నాటికి ఈ ఆటకు చూపిన అంకే మన అంకె, ఇంకెవరి లెక్కా చెల్లదు. ఇది నచ్చనివారి షేర్లను గొడవకు ముందున్న ధరకే తిరిగి తీసుకుంటాను అన్నాను. నలుగురు తప్పుకున్నారు. పద్దెనిమిది మంది సంతకాలు పెట్టారు. ఈ నియమం తనకు కలిసిరాదని తెలిసి కూడా పలాస అమ్మాయి సంతకం పెట్టింది.

జూన్ 30 సాయంత్రం 191 దగ్గర బజారు ముగించాం. ఆగస్టు 3న ఫలితాలు వచ్చాయి. కోటీ ఎనభై అయిదు లక్షల పదివేలు. అంటే షేరుకు 185 రూపాయల పది పైసలు. పద్దెనిమిది మంది పిల్లలు ఆరు రూపాయల దూరంలో ఆగారు. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. అదే ఏడాది అక్టోబరులో ‘మారియో వండర్’ అనే ఇంకో ఆట మీద బజారు తెరిచాం. నియమం ముందే రాశాం, గొడవలు లేవు. కానీ సెలవులు అయిపోయాయి. మిగిలింది ఏడుగురు. ఏడుగురూ ఒకే కాలేజీ, ఒకే తరగతి, ఒకేలా ఆలోచించే స్నేహితులు. మా ధర 84 దగ్గర ముగిసింది. డిసెంబరు నెలాఖరుకు అసలు అంకె దాదాపు 120 లక్షలు. అదే బల్ల, అదే సూత్రం, అయినా అంత దూరం. పదిమంది కూడడం ఒక్కటే చాలదు. ఆ పదిమందీ పది దారుల నుంచి రావాలి. జీడిపిక్కల కొట్టు నుంచి ఒకరైనా రావాలి.

మీలో ఉపాధ్యాయులు ఉంటే మీ బడిలో దీన్ని తప్పక చేసి చూడండి. వీడియో గేమే కానక్కరలేదు. వచ్చే నెల మొదటి సంతలో కిలో వంకాయల ధర మీదైనా చేయవచ్చు. ఒక నోటు పుస్తకం, ఒక నల్లబల్ల చాలు. కానీ మొదటి షేరు అమ్మకముందే మూడు సంగతులు రాయండి. ఎవరు చెప్పిన అంకె? ఏ తేదీ నాటి అంకె? దేన్ని లెక్కించిన అంకె? మళ్లీ చెబుతున్నాను, మొదటి షేరు అమ్మకముందే రాయండి. ఎవరి అంకె, ఏ తేదీ, దేని లెక్క.

ఈ ఏడు మా అరుగు మీద కొత్త బజారు తెరుచుకోబోతోంది. ఈసారి అన్నయ్య తోట మీదే. మే నెలాఖరుకు ఎన్ని టన్నుల కాయ తూగుతుందన్నది ప్రశ్న. పలాస అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, ఫోనులో చేరుతానంది. బల్ల మీద మొదటి వాక్యం తనే చెప్పి రాయించింది: ‘గాలికి రాలిన కాయ కూడా తూకంలో కలుస్తుంది.’ అంతా సిద్ధం చేశాం అనుకుంటుండగా అన్నయ్య చేయి చాపి, నాకూ ఐదువేలు ఇవ్వు, నేనూ ఆడతాను అన్నాడు. తోట యజమాని ఆడవచ్చా? కాపు గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడు ఆయనే, కాబట్టి ధర నిజానికి దగ్గరవుతుందని సగం మంది అంటున్నారు. నీళ్లు పెట్టేదీ, కాయ కోయించేదీ ఆయనే కదా అని మిగతా సగం మంది అడుగుతున్నారు. ఆదివారం సాయంత్రం అందరం కూర్చుని తేల్చుకుంటాం. అప్పటిదాకా షేర్లు అమ్మనని చెప్పాను.

సెలవు.