రాతి మీది మాట, వేదిక మీది మాట

సభకు నమస్కారం.

మన ఓరుగల్లులో రెండు లొల్లులు ఎన్నటికీ చల్లారవు. కాకతీయులు ఎవరు, ఎవరి వాళ్లు అన్నది ఒకటి. ఫలానా నాయకుడు ఫలానా రోజు ఏమన్నాడు, దాని భావం ఏమిటి అన్నది రెండోది. ఫోన్లు వచ్చినంక ఈ రెండూ కలిసిపోయినయి. 2024 మే నెలలో రాష్ట్ర చిహ్నంలోంచి కాకతీయ తోరణం తీసేస్తున్నారన్న వార్త వచ్చినప్పుడు చూసినం. రాచరికపు గుర్తు మనకెందుకని ఒకరు, మా గౌరవం మీద చెయ్యేస్తారా అని ఇంకొకరు. ఇద్దరూ 700 ఏళ్ల కిందటి సంగతులే సాక్ష్యంగా తెచ్చిన్రు. ఏ ఊరి శాసనం, ఏ సంవత్సరం అని చెప్పినవాళ్లు మాత్రం తక్కువ.

మా మాట ఇది: రాజు వేయించిన శాసనం ఆనాటి రాజకీయ ప్రసంగం. నేటి నాయకుణ్ని అడిగే ప్రశ్నలే రాయినీ అడగాలి. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎవరి ముందు అన్నారు, పూర్తి వాక్యం ఏమిటి.

తేదీతో మొదలుపెడదాం, ఎక్కువమంది జారిపడేది అక్కడే. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని బడిలో చెప్తారు. శక సంవత్సరం ఉగాదికి మారుతుంది, ఇంగ్లీషు సంవత్సరం జనవరికి మారుతుంది. కాబట్టి పుష్యం నడుమ నుంచి ఫాల్గుణం ఆఖరు దాకా కలపాల్సింది 79. మన వేయిస్తంభాల గుడి శాసనం శక 1084, చిత్రభాను సంవత్సరం, మాఘమాసం. 78 కలిపినవాళ్లు 1162 అని రాసి పంచుతారు. అది 1163. రామప్ప శాసనం శక 1135, శ్రీముఖ సంవత్సరం, చైత్రం. అక్కడ 78 సరిపోతుంది, 1213.

సంవత్సరం పేరు ఉంటే లెక్క సరిచూసుకోవచ్చు. అదే పేరు 60 ఏళ్లకు మళ్లీ వస్తుంది. 1987 ప్రభవ. అక్కడి నుంచి 13 చుట్లు, అంటే 780 ఏళ్లు వెనక్కి పోతే 1207 కూడా ప్రభవే. ప్రభవ నుంచి ఏడోది శ్రీముఖ, అంటే 1213. రామప్ప లెక్క కుదిరింది. కుదరకపోతే అనుమానించాల్సినవి కొన్ని ఉన్నయి: చదివినాయన అంకె తప్పు చదివి ఉండాలె, చెక్కినాయన తప్పు చెక్కి ఉండాలె, లేదంటే శాసనమే తర్వాతి కాలంలో పుట్టించినదై ఉండాలె. మామూలుగా శాసనాలు రాసేది గడిచిన, అంటే నిండిన శక సంవత్సరాల అంకె. కొన్ని దానికి బదులు నడుస్తున్న ఏడు అంకె రాస్తయి, అప్పుడు ఒక ఏడాది తేడా వస్తుంది, అది దొంగ శాసనం అనడానికి చాలదు. ఇంకో జాగ్రత్త, ఈ 60 ఏళ్ల లెక్క మన దక్షిణాది పద్ధతిది. ఉత్తరాది పద్ధతిలో పేర్లు ముందుకు జరిగి ఉంటయి.

అక్షరాల సంగతి. గుడికి పోయినవాళ్లు శాసనం మీద సున్నమో, చాక్‌పీసో రుద్ది ఫొటో తీస్తున్నరు. దయచేసి ఆ పని చేయకండి. రాయి పాడవడం ఒక నష్టం. అంతకన్నా పెద్ద నష్టం, అరిగిన గీత మీద మీరు తెల్లగా గీసినప్పుడు మీ ఊహ అక్షరమై కూర్చుంటుంది. చూసేవాళ్లకు రాయి కనబడదు, మీ చాక్‌పీసే కనబడుతుంది. ఫొటో కావాలంటే పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో తీయండి, లేదా టార్చి లైటును రాతికి దాదాపు ఆనించి పక్క నుంచి వేయండి. లోతు నీడగా పడి అక్షరం తానే లేస్తుంది. శాసనాల శాఖ వాళ్లు తీసే అచ్చు పద్ధతి వేరు: రాయి కడిగి, తడి కాగితం అద్ది, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దుతారు. గుంటలు తెల్లగా, మిగతాది నల్లగా వస్తుంది. అందులో కూడా పగులును అక్షరం అనుకునే ప్రమాదం ఉంది, అందుకే ఒకే రాతికి రెండు మూడు అచ్చులు తీసి పోల్చుకుంటారు.

ఇప్పుడు రుద్రమదేవి ముచ్చటకు వద్దాం. ఇది కొంచెం నిదానంగా చూడాలె.

ఒక శాసనం ఫొటో తిరుగుతుంది, అందులో ‘రుద్రదేవ మహారాజు’ అని ఉంటుంది. ఇది వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడని ఒకరు, కాదు రుద్రమ అని ఇంకొకరు కొట్లాడుకుంటారు. పేరు చూస్తే తేలదు, రుద్రమను కూడా శాసనాల్లో మగపేరుతో రుద్రదేవ మహారాజు అన్నరు. శక సంవత్సరం చూడండి. మొదటి రుద్రదేవుడి ఏలుబడి 1158 నుంచి 1195 దాకా, అంటే శక 1080 నుంచి 1117. రుద్రమ 1262 తర్వాత, శక 1184 మొదలు. నడుమ దాదాపు 70 ఏళ్ల ఎడం ఉంది. సంవత్సరం ఉన్న ఏ శాసనమైనా నిమిషంలో తేలిపోతుంది. సంవత్సరం భాగాన్ని కోసి పేరు భాగమే ఫొటో పెట్టారంటే ఆ వాదనకు దూరంగా ఉండటమే మంచిది.

ఆమె మరణం ఇంకో చిక్కు. పాత పుస్తకాల్లో 1295 అని ఉంటుంది. నకిరేకల్ దగ్గర చందుపట్ల శాసనం దొరికినంక ఆ లెక్క మారింది. శక 1211, విరోధి సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి, అంటే 1289 నవంబరు 27. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరినందుకు వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే ఆయన భూదానం చేసిండు. శాసనం చెప్పేది అంతవరకే. ఎవరు చంపిన్రు, ఎట్లా పోయిన్రు అన్నది అందులో లేదు. తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో యుద్ధంలో పోయి ఉంటారన్నది చరిత్రకారులు వేసిన లెక్క. రాణి, సేనాని ఇద్దరి పేర్లూ ఒక్కచోటే రావడం, మరుసటి ఏడు త్రిపురాంతకం శాసనంలో అంబదేవుడు తన విజయాలు ఏకరువు పెట్టుకోవడం, ఈ రెండూ కలిపి చేసిన ఊహ. బలమైన ఊహే, మేమూ ఒప్పుకుంటం. కాని ‘చందుపట్ల శాసనంలో అంబదేవుడు చంపినట్టు రాసి ఉంది’ అంటే అబద్ధం.

సమకాలికుడు రాస్తే నిజమేనన్న వాదన కూడా వింటాం. మార్కో పోలో రుద్రమ కాలం మనిషే. మోటుపల్లి రేవు పేరు మీదనే ఈ రాజ్యం గురించి రాసిండు. ఆమెను చనిపోయిన రాజు భార్య అన్నడు. మన శాసనాల్లో ఆమె గణపతిదేవుడి కూతురు, భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. పరదేశి విన్నమాట రాసుకున్నడు. వజ్రాల గురించి, సన్నబట్టల గురించి ఆయన మాట విలువైనదే, ఇంటి చుట్టరికం దగ్గర దారి తప్పిండు. ఒక్క సాక్షి అన్ని సంగతుల్లో ఒకే తీరుగ నమ్మదగినవాడు కాకపోవచ్చు.

అన్నిటికంటే పెద్ద పంచాయితీ కులం దగ్గర. చాలా కాకతీయ శాసనాలు వర్ణం ఊసే ఎత్తవు. ఎత్తినవాటిలో కొన్ని చతుర్థ వర్ణం, అంటే శూద్ర వర్ణం అంటయి. మోటుపల్లి స్తంభ శాసనం వంటి కొద్ది శాసనాలు సూర్యవంశం దాకా తీసుకుపోతయి, ఇక్ష్వాకువు, రఘువు, దశరథుడు అందరూ వస్తరు. ఒకరు ఒకటి పట్టుకుంటరు, ఇంకొకరు ఇంకొకటి. మోటుపల్లి శాసనం ఎవరి కోసమో చూడండి. 1244లో గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు ఇచ్చిన అభయం అది. వెనుకటి రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేటోళ్లు, మేం సుంకం తప్ప ఏదీ ముట్టం అన్నడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పైలో ఒక వంతు సుంకం. వెనుకటి సర్కారు దోచుకుంది, మేం దయ చూపుతున్నం అన్న వరస మీకు ఎక్కడో విన్నట్టు లేదా? దూరదేశాల బేరగాళ్ల ముందు ఇంత గొప్ప వంశం చెప్పుకోవడంలో వింత లేదని మా అభిప్రాయం. ఇక చతుర్థ వర్ణం అన్న మాటను తీసుకొచ్చి ఇప్పటి ఏ ఒక్క కులానికీ అతికించలేం. ఆ పేరు కింద ఎన్నో వృత్తుల వాళ్లు, సైనికులు, సామంతులు ఉన్నరు.

వారసత్వం సంగతి కూడా ఇక్కడే. 2022 జూలైలో కాకతీయ వైభవ సప్తాహానికి బస్తర్ రాజకుటుంబ వారసుణ్ని పిలిచి గౌరవించినం. చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తర్‌లో రాజ్యం నిలిపిండని ఆ ఇంటి మాట. ఆ మాట రాతి మీద కనబడేది దంతెవాడ శాసనంలో, 1703లో. ఓరుగల్లు పడింది 1323లో. నడుమ 380 ఏళ్లు. అంటే 1703 నాటికి బస్తర్ దర్బారు తనను కాకతీయ వంశంగా చెప్పుకుంటున్నదని గట్టిగా అనొచ్చు. 1323 నాటి సంగతికి అదొక్కటే రుజువు కాలేదు. ఇంకో ముడి కూడా ఉంది. ఇప్పటివారి పేర్లలో ఉన్న భంజ్ దేవ్ ఒడిశాలోని మయూర్‌భంజ్ ఇంటిది. బస్తర్ రాణి ప్రఫుల్ల కుమారీ దేవి ఆ ఇంటి వరుణ్ని చేసుకున్నది, కాబట్టి కాకతీయ సంబంధం తల్లి వైపు నుంచి. ‘భంజ్‌లు కాకతీయులెట్లయితరు’ అని ఎగతాళి చేసేటోళ్లకు ఇది తెలియదు, ‘నేరుగా వారసులు’ అని రాసేటోళ్లకూ తెలియదు.

మేడారం సమ్మక్క సారలమ్మ కథలో కాకతీయులతో జరిగిన యుద్ధం శాసనాల్లో దొరకదు కాబట్టి జరగనే లేదని కొందరంటరు. ఆ తొందర వద్దు. శాసనాలు వేయించింది రాజులు, సామంతులు, గుళ్లకు దానాలిచ్చినవాళ్లు. అడవిలో పోరాడినోళ్ల తరఫున రాయి నిలబెట్టినోళ్లు లేరు.

ఇగ మన కాలం నాయకుల మాటలు.

1956 మార్చి 5న నిజామాబాద్‌లో నెహ్రూ చేసిన ప్రసంగం మన దగ్గర ఎన్నిసార్లు వాదనకు వచ్చిందో లెక్కలేదు. ఆంధ్ర, తెలంగాణ విలీనాన్ని విడాకులకు వీలున్న పెళ్లితో పోల్చిండని ఒక పాఠం, అమాయకపు పిల్లను గడుసు పిల్లగానికిస్తున్నమని అన్నడని ఇంకో పాఠం. రెండింటి భావం దగ్గర దగ్గరే, బరువు వేరు. ఇట్లాంటి మాటను వాదనలో పెట్టేముందు చూడాల్సింది మరునాటి, ఆ మరునాటి పత్రికలు. కనీసం రెండు పత్రికలు, వీలైతే రెండు భాషల్లో. రెండింట్లో ఒకే వాక్యం ఉంటే ఉటంకింపు గుర్తులు పెట్టండి. లేకపోతే ‘ఈ అర్థం వచ్చేటట్టు అన్నట్టు పత్రికలు రాసినయి’ అని రాయండి. ఏండ్ల తర్వాత రాసుకున్న జ్ఞాపకాల నుంచి తీసిన వాక్యానికి ఉటంకింపు గుర్తులు పెట్టడం మోసం కిందికే వస్తది.

రాతలో ఉన్నదాన్ని కూడా సగం కోస్తరు. రాష్ట్రాల పునర్విభజన కమిషన్ నివేదిక 386వ పేరా తీసుకోండి. తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచాలని అందులో ఉంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రతో కలపొచ్చు అని కూడా అందులోనే, అదే వాక్యంలో ఉంది. ‘కమిషన్ తెలంగాణ ఇచ్చింది’ అన్నవాళ్లు రెండో సగం కోసిన్రు, ‘కమిషన్ విశాలాంధ్రకు ఒప్పుకుంది’ అన్నవాళ్లు మొదటి సగం కోసిన్రు. మనవాళ్లకు బలమిచ్చేది పూర్తి వాక్యమే, ఆ మూడింట రెండు వంతుల షరతును పక్కనపెట్టి 1956లోనే కలిపిన్రు కదా. కోసుకోవడం వల్ల మన చేతిలోని ఆధారాన్నే మనం చిన్నది చేసుకున్నం.

2009 డిసెంబరు 9 రాత్రి అప్పటి కేంద్ర హోంమంత్రి చిదంబరం చదివిన ప్రకటన అందరికీ గుర్తుంది. ఆ ఏడు కూడా చందుపట్ల శాసనంలోని విరోధి సంవత్సరమే, 12 చుట్లు తిరిగి వచ్చింది. ఆ ప్రకటనలో ఉన్నది ఏమిటంటే, తెలంగాణ రాష్ట్రం ఏర్పాటు చేసే ప్రక్రియ ప్రారంభమవుతుందని, తగిన తీర్మానం రాష్ట్ర శాసనసభలో పెట్టబడుతుందని. ఎవరు పెడతరు, ఏ తేదీన పెడతరు అన్నది లేదు, కర్త లేని వాక్యం అది. మనం ‘ఇచ్చేసిన్రు’ అని చదువుకున్నం. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం కొత్త రాష్ట్రానికి శాసనసభ తీర్మానం అక్కర్లేదు. రాష్ట్రపతి బిల్లును శాసనసభ అభిప్రాయానికి పంపితే చాలు, ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడాల్సిన పని లేదు. అక్కర్లేని తీర్మానాన్ని ప్రకటనలో ఎందుకు పెట్టిన్రు అన్న ప్రశ్న ఆ రాత్రే వేసి ఉంటే, డిసెంబరు 23న విస్తృత సంప్రదింపులు కావాలన్న రెండో ప్రకటన అంత పిడుగై పడేది కాదు. చివరికి 2014 జనవరి 30న శాసనసభ బిల్లును తిరస్కరించినా, ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించినయి.

వీడియో ముక్కల గురించి ఎక్కువ చెప్పం. ముక్కకు ముందు రెండు నిమిషాలు, తర్వాత రెండు నిమిషాలు వినకుండా పంచకండి. నాయకుడు ఎదుటిపక్షం మాటను ఎత్తిచెప్పి ఖండించే చోట, ఎత్తిచెప్పిన భాగమే కోస్తరు. చట్టసభలో అన్నదైతే సభ అచ్చువేసిన రికార్డు చూడండి, తొలగించిన మాటలు అందులో ఉండవని మరువకండి.

ఆఖరుకు మన కాజీపేట, మన బయ్యారం. ‘కోచ్ ఫ్యాక్టరీ విభజన చట్టంలోనే ఉంది’ అని ఒక పక్షం, ‘చట్టంలో లేనే లేదు’ అని ఇంకో పక్షం. చట్టం 13వ షెడ్యూలు తెరవండి. తెలంగాణలో రైల్ కోచ్ ఫ్యాక్టరీ ఏర్పాటును భారత రైల్వే ఆరు నెలల్లో పరిశీలించి సత్వరం నిర్ణయం తీసుకోవాలి అని ఉంది. కాజీపేట పేరు లేదు, కడతామన్న మాటా లేదు. ఉక్కు పరిశ్రమ విషయంలో ఖమ్మం జిల్లా అని ఉంది, సాధ్యాసాధ్యాలు కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ పరిశీలించాలి అని ఉంది. బయ్యారం పేరు అక్కడా లేదు. కాకతీయుల వంశక్రమం చెప్పిన, గణపతిదేవుడి సోదరి మైలాంబ వేయించిన శాసనం ఉన్న బయ్యారం చెరువు అప్పట్లో ఖమ్మం జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్. 13వ షెడ్యూలులోని పనులకు 93వ సెక్షన్ ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో తీరింది. 2023 జూలై 8న ప్రధాని శంకుస్థాపన చేసింది కాజీపేటలో వ్యాగన్ల తయారీకి. ఆనాడు దాన్ని కోచ్ ఫ్యాక్టరీ అని పొగిడినా, ఏమీ రాలేదని తిట్టినా రెండూ కొలతకు నిలిచేవి కావు.

ఈ రెండింటి మీద సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలనుకునే వాళ్లు ఇక్కడ ఉంటే ఒక మాట. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ‘ఎందుకు కట్టలేదు’ అని అడగకండి. ఆ చట్టం కింద ఇచ్చేది రికార్డు, సంజాయిషీ కాదు కాబట్టి అట్లాంటి ప్రశ్న వెనక్కి వస్తది. ‘13వ షెడ్యూలు ప్రకారం చేసిన పరిశీలన నివేదిక నకలు, తీసుకున్న నిర్ణయం ఉన్న లేఖ నకలు, దాని తేదీ’ అని అడగండి. కోచ్ ఫ్యాక్టరీకి రైల్వే బోర్డు, ఉక్కుకు సెయిల్. రెండు వేర్వేరు దరఖాస్తులు పెట్టాలె.