అంబాసిడర్ హెడర్‌కి పైపు ఎంత లావుండాలి?

[దృశ్యం: బానెట్ ఎత్తిన పాత అంబాసిడర్. కెమెరా మ్యానిఫోల్డ్ మీద.]

నమస్కారం అండీ. పోత ఇనుప మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగని ఒకచోట చేర్చే గొట్టం) తీసేసి, దాని బదులు విడివిడి పైపులతో చేసిన హెడర్ కట్టించుకుందామని వెల్డింగ్ షాపుకి వెళ్తే, "లావు పైపు వేద్దాం సార్, పొగ ఫ్రీగా పోతుంది" అంటారు. ఈ ఇంజిన్‌కి ఆ సలహా పనికిరాదు. లెక్క వేసి చూద్దాం.

[తెర మీద లెక్క]

మనది 1489 సి.సి. బి-సిరీస్ ఇంజిన్, బ్రిటిష్ బి.ఎం.సి. కంపెనీ డిజైన్. ఒక్కో సిలిండర్ 372 సి.సి. టార్క్ (లాగే బలం) గట్టిగా కావాల్సిన ఆర్‌పీఎం దగ్గర పైపులో పొగ సగటున సెకనుకు 75 మీటర్లు పోవాలని హెడర్లు కట్టేవాళ్ల పాత లెక్క. 4000 ఆర్‌పీఎం అనుకోండి. 372ని 4000తో గుణించి, 30తోనూ (పిస్టన్ ఒక్కసారి కదిలే అరచుట్టు సమయం కోసం), ఆపైన 7500తోనూ (75 మీటర్లు సెంటీమీటర్లలో) భాగిస్తే 6.6 చదరపు సెంటీమీటర్లు. అంటే లోపలి వ్యాసం 29 మి.మీ. అంతే!

అక్కడ 42 మి.మీ. పైపు పెడితే వేగం 36 మీటర్లకి పడిపోతుంది. జోరుగా పోయే పొగ తన వెనక మిగిలినదాన్ని కూడా సిలిండర్‌లోంచి లాక్కుపోతుంది. వేగం తగ్గితే ఆ లాగుడూ తగ్గుతుంది. టాప్ గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు తేడా కాలికే తెలుస్తుంది.

[దృశ్యం: వెర్నియర్‌తో పైపు కొలుస్తున్న చేతులు]

కొనేటప్పుడు జాగ్రత్త. షాపువాళ్లు చెప్పేది బయటి కొలత. 1¼ అంగుళాల, 16 గేజ్ గోడ మందం ఉన్న పైపు లోపల 28.5 మి.మీ. ఉంటుంది, మన లెక్కకి దగ్గర. 1⅜ అయితే 31.7, అది సుమారు 4800 ఆర్‌పీఎంకి సరిపోతుంది. రోజూ తిప్పే బండికి నేనైతే 1¼ వేస్తాను.

[దృశ్యం: హెడ్ మీద మూడు రంధ్రాలు దగ్గరగా]

ఇక్కడే అసలు విషయం ఉంది. సిలిండర్లు నాలుగు, ఎగ్జాస్ట్ పోర్టులు (పొగ బయటికొచ్చే రంధ్రాలు) మూడే. నడిమిది 2, 3 సిలిండర్లది. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు పేలే వరుస) 1-3-4-2 కాబట్టి ఆ రెండూ 360 డిగ్రీల ఎడంలో, అంటే క్రాంక్ ఒక పూర్తి చుట్టు తేడాతో పేలుతాయి, ఒకేసారి పొగ వదలవు. అందుకే నడిమి పైపు రెట్టింపు అక్కర్లేదు, ఒక్క సైజు పెంచి 1⅜ చాలు. 1, 4 కూడా 360 ఎడమే. ఆ రెండింటినీ ముందు కలిపి, నడిమిదాన్ని విడిగా పొడుగ్గా దించి కింద కలపండి. ఇదే బి.ఎం.సి. వాళ్ల చిన్న ఇంజిన్ ఉన్న బ్రిటిష్ "మినీ" కార్లకి ఈ పద్ధతి బాగా పేరు తెచ్చింది.

[దృశ్యం: ఫ్లాంజ్, స్టడ్, వాషర్]

ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు ఉంటాయి, కొన్ని స్టడ్‌ల మీద ఒకే వాషర్ రెండిటినీ కలిపి నొక్కుతుంది. కొత్త ఫ్లాంజ్ (పైపుల్ని హెడ్‌కి బిగించే పలక) మందం ఇన్‌లెట్ ఫ్లాంజ్‌తో సమానంగా లేకపోతే నట్టు ఎంత బిగించినా ఒక పక్క లీకే. వెల్డింగ్ అయ్యాక ఫ్లాంజ్ వంగుతుంది కూడా. గాజు పలక మీద పెట్టి చూడండి, వెలుతురు కనిపిస్తే సాపు చేయించి, ఆ తర్వాతే కొత్త ప్యాకింగ్ వేసి బిగించండి.