ఎక్స్‌రే బాగున్నా ఈసీజీ తీయాల్సిందే

కర్నూలు చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల నుంచి వచ్చిన డాక్టర్లకు, నర్సులకు నమస్కారం.

బైకు పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టిన పిల్లల్ని మన దారుల్లో రోజూ చూస్తున్నాం. ఒక్కసారిగా బ్రేకు పడితే వాళ్ల రొమ్ము నేరుగా హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది. బేతంచెర్ల వైపు గోడకు ఆనించిన నాపబండ ఒరిగి మీద పడినా జరిగేది అదే. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తాం, పక్కటెముకలు బాగున్నాయంటాం, తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకుంటారు. నాకు భయం కలిగించేది ఆ ఊరటే. పిల్లల ఎముకలు లేతవి, వంగుతాయి గాని సులభంగా విరగవు. పెద్దవాళ్లలో ఎముక విరిగి కొంత తీసుకునే దెబ్బ పిల్లల్లో లోపలికి దిగి, రొమ్ముటెముక వెనుకనే ఉన్న కుడి జఠరికను, అంటే గుండెలో కుడివైపు కింది గదిని, కమిలిస్తుంది.

నొప్పికి మందిచ్చి, ఏడుపు మాని, అమ్మ ఒడిలో నిద్రపోతున్న పిల్లవాడి నాడి ఇంకా వేగంగానే కొట్టుకుంటుంటే దాన్ని భయం ఖాతాలో వేయకండి, గుండెకు దెబ్బ తగిలిందేమో అనుమానించండి. రక్తపోటు బాగుందని ధీమా పడకండి; పిల్లల్లో అది చివరిదాకా నిలబడి, ఆపై ఒక్కసారిగా పడిపోతుంది.

అందుకే రొమ్ముకు గట్టి దెబ్బ తగిలిన ప్రతి బిడ్డకూ పన్నెండు లీడ్ల ఈసీజీ తీయండి, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ చూడండి. అమెరికాలోని ట్రామా (గాయాల) సర్జన్ల సంఘం ‘ఈస్ట్’ 2012లో ఇచ్చిన సూచనల ప్రకారం ఈ రెండూ సరిగా ఉంటే, చికిత్స అవసరమయ్యేంత గాయం గుండెకు లేదనుకోవచ్చు. అవి ముఖ్యంగా పెద్దవాళ్ల అనుభవం మీద రాసినవి కాబట్టి, అనుమానం మిగిలితే కొన్ని గంటల తరువాత రెండూ మళ్లీ చేయించడం మంచిది. సీకే-ఎంబీ అనే మరో రక్తపరీక్షను నమ్ముకోవద్దు, కండరాలు నలిగినా అది పెరుగుతుంది. ఈసీజీ చదివేటప్పుడు వయసు గుర్తుంచుకోండి: రొమ్ము మీది లీడ్లలో వీ1 నుంచి వీ3 వరకు టీ తరంగం తలకిందులుగా ఉండడం చిన్నపిల్లల్లో సహజమే.

గుండె లయ తప్పినా, రక్తపోటు తగ్గినా ఎకో (గుండె స్కాన్) తప్పనిసరి. గుండె చుట్టూ రక్తం చేరిందా, కవాటం తెగిందా, గదుల మధ్య గోడకు చిల్లి పడిందా అన్నది అందులోనే తెలుస్తుంది. ఈ చిల్లి, కవాటపు చీలిక కొన్నిసార్లు రోజుల తరువాత బయటపడతాయి. కాబట్టి ఇంటికి పంపే చీటీలో మళ్లీ ఎప్పుడు రావాలో రాయండి, వచ్చినప్పుడు కొత్తగా మర్మర్ (గుండె చప్పుళ్ల మధ్య అదనపు శబ్దం) వినిపిస్తోందేమో స్టెతస్కోపు పెట్టి ఓపిగ్గా వినండి.