పక్షి లోపలి మనిషి

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న పని. కుడిచెయ్యి తలపైకి నిటారుగా ఎత్తండి. నేను చెప్పేదాకా దించొద్దు.

అమెరికాలో 1969 నవంబరు 10న పిల్లల కోసం ‘సెసమీ స్ట్రీట్’ అనే టీవీ కార్యక్రమం మొదలైంది. అందులో బిగ్ బర్డ్ అని పసుప్పచ్చ పక్షి ఉంటుంది. ఎత్తు 8 అడుగుల 2 అంగుళాలు. దాంట్లో దూరి దశాబ్దాల పాటు ఆడించిన మనిషి కారల్ స్పిన్నీ. మీరిప్పుడు ఎత్తిన చెయ్యే ఆయన ఉద్యోగం. అది పక్షి మెడలోంచి తలలోకి వెళ్తుంది. వేళ్లతో ముక్కు, చిటికెన వేలితో కనురెప్పలు. ఎడమచెయ్యి ఎడమ రెక్కలో. మరి కుడి రెక్క? దాన్ని గాలానికి కట్టే దారంతో ఎడమ రెక్కకు ముడేశారు. ఇది దిగితే అది లేస్తుంది, అంతే.

మన తోలుబొమ్మలాటలో ఆడించేవాడికి తన బొమ్మ కళ్లెదుటే ఉంటుంది. స్పిన్నీకి ఆ సుఖం లేదు. లోపల్నుంచి బయటికి ఏమీ కనపడదు. ఛాతీకి కట్టుకున్న బుల్లి టీవీలో కెమెరా చూపించిందే చూడాలి. అదీ అద్దంలా ఉండదు, తను కుడికి జరిగితే బొమ్మ ఎడమకి పోతుంది. డైలాగుల కాగితాలూ లోపలే అతికించుకునేవారు.

ఇక దించేయండి. చెయ్యి లాగేస్తోంది కదూ!

ఆయన 1933లో మసాచుసెట్స్‌లో పుట్టారు. చిన్నప్పుడు 5 సెంట్లు పెట్టి కోతి బొమ్మ కొనుక్కున్నారు. పెద్దయ్యాక బోస్టన్ టీవీలో పిల్లల షో చేశారు. 1969లో సాల్ట్ లేక్ సిటీలో బొమ్మలాటవాళ్ల సభలో ఒక ప్రదర్శన ఇచ్చారు. వెనక తెర మీద బొమ్మలు కదలాలి, ఎదుట ఈయన ఆడించాలి. తీరా మొదలెట్టాక ఏదో లైటు తెర మీద పడి బొమ్మలన్నీ వెలిసిపోయాయి. అట్టర్ ఫ్లాప్. అయ్యాక సెసమీ స్ట్రీట్ బొమ్మల సృష్టికర్త జిమ్ హెన్సన్ వచ్చి, నువ్వు చేయబోయింది నాకు నచ్చింది అన్నారట. చేసింది కాదు, చేయబోయింది! ఉద్యోగం అలా వచ్చింది.

మొదట్లో బిగ్ బర్డ్ ఒట్టి వెర్రిబాగులది. ఇది చిన్నపిల్లాడైతే బాగుంటుందని సూచించింది స్పిన్నీయే. నా దృష్టిలో ఆయన చేసిన అసలు పని అదే. అదే షోలో చెత్తడబ్బాలో ఉండే ముక్కోపి బొమ్మ ఆస్కార్‌ని ఆడించిందీ ఈయనేనండోయ్. ఆ గొంతు ఓ టాక్సీ డ్రైవర్ దగ్గర పట్టుకున్నారు.

శరీరం సహకరించక 2015లో పక్షిలోకి దూరడం మానేసి గొంతు మాత్రం ఇచ్చారు. 2018లో విరమించారు. మరుసటి ఏడాది డిసెంబరులో, 85 ఏళ్ల వయసులో పోయారు.

ఒక్క సీను చెప్పి ముగిస్తాను. ఆ షోలో అంగడి నడిపే హూపర్ గారి వేషం వేసిన విల్ లీ 1982లో చనిపోయారు. పిల్లలకు ఆ సంగతి దాచకూడదనుకున్నారు. 1983 నవంబరు 24న వచ్చిన ఎపిసోడ్‌లో బిగ్ బర్డ్ తను గీసిన బొమ్మలు పెద్దవాళ్లందరికీ పంచుతుంది. నిజానికి అవి స్పిన్నీ గీసినవే. చివరిది హూపర్ గారిది. ఆయనొచ్చాక ఇస్తానంటుంది. చనిపోయినవాళ్లు తిరిగిరారని పెద్దవాళ్లు చెప్తారు. ఎందుకని అడుగుతుంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. అన్నాళ్లూ అది ఆ పేరు తప్పుగానే పలికేది, వాళ్లు దిద్దేవాళ్లు. ఇప్పుడూ ఆ బొమ్మ చూస్తూ, మీరు లేకపోతే బెంగగా ఉంటుంది లూపర్ గారూ అంటుంది.

ఆ పెద్దవాళ్లలో ఒకరైన మరియా గొంతు పూడుకుపోయి, ‘‘హూపర్, బిగ్ బర్డ్. హూపర్’’ అంటుంది.